వెనక చక్రాల లాకరు, మా మరిది మడమ

నా బండి పిల్లకాలువలో పడిన సంగతి సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా తెలియనివాళ్ళు లేరు. అందరూ చెప్పే తీరు ఒకటే. చదువుకున్న ఆడమనిషి, ఎవరి మాటా వినదు, కంపెనీ ఇచ్చిన బండిని ఉన్నట్టు ఉంచక వెనక చక్రాలకు లాకర్ అని ఏదో బిగించుకుంది, మలుపు దగ్గర బండి తిరగక కాలువలోకి పోయింది. ఇంతా చెప్పి, చాయ్ గ్లాసు కింద పెట్టి, "మనం చెప్తే వింటరా మరి" అని ఒక నిట్టూర్పు. ఈ కథలో బండి నాది, కాలువ నిజం. మిగతాది టీకొట్టు బల్ల మీద పుట్టింది. ముఖ్యంగా, ఆ సమయంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో ఎవరూ చెప్పరు. చెప్పకపోతే వినేవాళ్ళు నేనే అనుకుంటారు. అనుకోవాలనే చెప్పరు.

నేను చెబుతాను. అయితే మొదటినుంచి చెబుతాను. మధ్యలో ఎత్తుకుంటే సాకులు చెబుతున్నానంటారు.

సూర్యాపేటలో నాకు దాణా దుకాణం ఉంది. గొర్లకు, బర్లకు దాణా, అవి నాలుకతో నాకే ఉప్పు ఇటుకలు, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు. జువాలజీలో డిగ్రీ చేసి దాణా అమ్ముతావా అని నా ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. వాళ్ళు ఏ డిగ్రీలు చేసి ఏం చేస్తున్నారో నేను అడగలేదు, ఎదురుగానే కనిపిస్తోంది కనుక. మా ఆయన బడిలో ఫిజిక్స్ చెబుతాడు. ఊరంతా ఆయన్ని సారు అంటుంది, నేనూ సారు అనే అంటాను. అలా అంటే కనీసం ఒక విద్యార్థికి ఉన్నంత దూరం నాకు దొరుకుతుంది.

దుకాణంలో కూర్చుంటే గొర్లు నడిచి రావు. మందలు ఉన్న చోటికి నేనే పోవాలి. ఒక రోజు తుంగతుర్తి వైపు, ఒక రోజు వేములపల్లి వైపు, మరో రోజు గరిడేపల్లి వైపు. పోయి, మూటలు దింపి ఊరుకోను. గొర్రె కింది కనురెప్ప లాగి చూస్తాను. ఎర్రగా ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలున్నాయని అర్థం. ఆ మాట చెప్పి, పశువుల డాక్టరుకు చూపించమని పోరి, అప్పుడు కదులుతాను. అందుకే నా దగ్గర కొంటారు. దాని కోసమే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బండి కొన్నాను. అదే నా లారీ, అదే నా కారు. కోదాడ నుంచి సరుకు తెచ్చేది అదే, సారును బడి దగ్గర దింపేది అదే, పట్టుచీర కట్టుకుని పెళ్ళిళ్ళకు దిగేదీ అందులోంచే.

ఫోర్ వీల్ అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసి లాగుతాయని అందరి నమ్మకం. నేనూ అదే నమ్మకంతో కొన్నాను. వానలు పడ్డాక, గరిడేపల్లి వైపు కాలువ కట్టల మీద, ఆ నల్లరేగడి మట్టిలో తెలిసింది అసలు సంగతి. వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని ఒకటుంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనివ్వడం దాని పని. తారు రోడ్డు మీద అంత మంచి వస్తువు లేదు. బురదలో మాత్రం దాని బుద్ధి బయటపడుతుంది. రెండు చక్రాల్లో ఏది పట్టులేక తేలిగ్గా తిరుగుతుందో, ఇంజను శక్తంతా దానికే కట్టబెడుతుంది. గట్టినేల మీద, లాగడానికి సిద్ధంగా ఉన్న చక్రం కదలకుండా చూస్తూ నిలబడుతుంది. ముందు ఇరుసుదీ అదే తంతు. పనిచేయగలిగినవాణ్ణి నిలబెట్టి, ఊరికే గిరగిరా తిరిగేవాడికి దోచిపెట్టే ఏర్పాటు. ఈ ఏర్పాటు నేను బండి కొనకముందు కూడా చాలా ఇళ్ళలో చూశాను.

దిగబడినప్పుడల్లా వచ్చేది మా మరిది ట్రాక్టరు. ఆయన ఊరు గరిడేపల్లి మండలంలోనే, వరి వేస్తాడు. ఫోన్ చేస్తే వస్తాడు, కాదనను. కానీ వచ్చేది ఒక్కడు కాదు. ట్రాక్టరు మడ్‌గార్డుల మీద అటొకరు ఇటొకరు, వెనక సైకిల్ మోటార్ల మీద ఇంకొందరు. తాడు కట్టేలోపే వ్యాఖ్యానం మొదలు.

"వదినా, గేర్ల ఉన్నదా బండి? సూస్కున్నవా జర?"

"లేదు, దీపం ముట్టిచ్చి దండం పెడుతున్న. తాడు గట్టు."

"గట్ల గరమైతే ఎట్ల? ఫోర్ వీల్ ఏసినవా?"

"ఏసిన. కనవడ్తలేదా, ముందొకటి ఎనకొకటి తిరుగుతున్నయి, మిగిలిన రెండు నీ లెక్కనే సూస్తున్నయి."

అందరూ నవ్వేవారు. నా మాటకు కాదు, నేను బురదలో నిలబడి ఉన్నందుకు. బండి బయటికొచ్చాక సాయంత్రం టీకొట్టు దగ్గర ఆ కథ ఇంకో మూర పొడుగు పెరిగేది. ఆ వానాకాలం ముగిసేసరికి నా బండి మునిగిన లోతు గొర్రె మోకాలు నుంచి మనిషి నడుం దాకా వచ్చింది. బురద పెరగలేదు, నోళ్ళు పెరిగాయి.

దాని ఫలితం ఇంట్లో పంచాయితీ. ఒక ఆదివారం మరిది మా ఇంటికి వచ్చాడు, కూర్చున్నాడు, చాయ్ తాగాడు, వాళ్ళన్నతో మాట్లాడుతున్నట్టు నాతో మాట్లాడాడు.

"అన్నా, వదినకెందుకు ఈ పరేషాన్? ఒక డ్రైవర్‌ను పెట్టుండ్రి. లేకుంటే నేనున్న గద, వారంల రెండు మూడు దినాలు నేనే తిప్పుత. వదిన దుకాణం సూస్కుంటది, నిమ్మళంగ."

సారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "వాడు చెప్పిందాంట్ల తప్పేం లేదు. నీకు దుకాణం పనే సాలు గద," అన్నాడు.

నాకు అర్థమైంది. అడుగుతున్నది డ్రైవరును కాదు, బండి తాళంచెవిని. అది చేతిలోంచి పోతే నేను గల్లా దగ్గర కూర్చుని ఫోన్లో ఆర్డర్లు రాసుకునే మనిషిని. కనురెప్పలు లాగి చూసేది ఎవరు? మా మరిదా? ఆయన తన సొంత కళ్ళకే అద్దాలు అవసరమని ఇంకా ఒప్పుకోలేదు.

"సారూ, మీరు పిల్లలకు రాపిడి గురించి చెప్తరు గద. పట్టులేని చక్రానికి బలమంతా పోతుంటే నడిపే మనిషిది తప్పెట్లయితది?" అన్నాను.

"అది వేరే," అన్నాడు. ఫిజిక్స్ వేరే, బండి వేరే. బోర్డు మీద బొమ్మకు నేలకు సంబంధం లేదు. ఇలాంటి చదువు చెప్పించడానికి ఊళ్ళలో బడులు కట్టారు.

అక్కడే నేను ఒక మాట అన్నాను. కోపంలోనే అన్నాను, కానీ తెలిసే అన్నాను. "ఎనక ఇరుసుకు లాకర్ బిగిపిస్త. చక్రాలు రెండు కలిసి తిరుగుతయి. గది బిగిచ్చినంక గూడ నా బండికి ట్రాక్టర్ కట్టాల్సొస్తే, తాళంచెవి తీస్కొని నీ చేతుల పెడ్త. రాకపోతే, డ్రైవర్ అన్న మాట ఈ ఇంట్ల మళ్ళ ఇనవడొద్దు."

"మాట మీద ఉంటవా వదినా?"

"నీ లెక్క టీకొట్టు టీకొట్టుకు మార్చను."

అలా నా తాళంచెవి, ఒక ఇనుప డబ్బా లోపలి పళ్ళచక్రాల మీద ఆధారపడింది. కనుక ఆ ఇనుము ఏదో సరిగ్గా ఎంచుకోవాలి. ఇక్కడ మొదలైంది అసలు యాత్ర. మూడు ఊళ్ళు తిరిగాను. ఒక్కో ఊళ్ళో ఒక్కో మహానుభావుడు.

సూర్యాపేటలో హైవే పక్కన స్పేర్ పార్టుల దుకాణం ఆయన నన్ను చూసి, నా వెనక మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని రోడ్డువైపు చూశాడు. ఎవరూ రాకపోయేసరికి నాతోనే మాట్లాడక తప్పలేదు.

"సారు రాలేదా మేడం?"

"సారు బడికి పోయిండు. బండి నాది. ఎనక లాకర్ గావాలె. ఏమేం రకాలున్నయి?"

"లాకర్ ఎందుకు మేడం, మీరేమన్న అడవిల తిరుగుతరా? లిమిటెడ్ స్లిప్ ఏస్కోండ్రి. మంచిగుంటది. ఏస్కున్నట్టే తెల్వది."

"ఏస్కున్నట్టే తెల్వకపోతే ఏస్కునుడెందుకు? ఒక చక్రం గాలిల లేస్తే పనిచేస్తదా?"

"గాలిల ఎందుకు లేస్తది మేడం?"

"లేస్తున్నది గనకనే అడుగుతున్న."

చివరికి ఆయన తేల్చాడు: "మీరు జర మెల్లగ తోలాలె."

మెల్లగ తోలాలె. ఆడమనిషి బండి గురించి ఏ ప్రశ్న అడిగినా ఈ జిల్లాలో జవాబు అదే. బ్రేకులు పడటం లేదన్నా, బ్యాటరీ చచ్చిందన్నా, మెల్లగ తోలాలె. ఇంటికొచ్చి నేనే చదువుకున్నాను. లిమిటెడ్ స్లిప్ లోపల పలకలుంటాయి. అవి రుద్దుకుంటూ రెండో చక్రానికి కొంత బలం పంపుతాయి. తడి తారు మీద బాగానే ఉంటుంది. ఒక చక్రం పూర్తిగా తేలిపోతే మాత్రం చేతులెత్తేస్తుంది, పైగా పలకలు అరుగుతాయి. అంటే అవసరం కొంచెమున్నప్పుడు సాయం, అవసరం మెడ దాకా వచ్చినప్పుడు పలాయనం. అలాంటి బంధువులు నాకు ఇప్పటికే చాలు.

కోదాడలో లారీల గ్యారేజీ మేస్త్రీ ఇంకో రకం. ఆయనకు అనుమానాలు లేవు. అనుమానం లేని మనిషి చేతిలో వెల్డింగ్ రాడ్డు ఉంటే ఏమవుతుందో అక్కడ చూశాను.

"లాకర్లు గీకర్లు దేనికి మేడమ్? ఇదిగో, ఈ జీపుకి నేనే కొట్టాను వెల్డింగు. లోపలి పళ్ళన్నీ కలిపేశాను. ఇక ఈ జన్మలో ఒక చక్రం తిరిగి ఒకటి ఆగడమనేది ఉండదండీ."

"మలుపులో?"

"మలుపులో కాస్త అరుస్తదండీ. అలవాటైపోద్ది."

అరవడమేమిటో చూపించాడు. గ్యారేజీ ముందు సిమెంటు నేల మీద జీపును గుండ్రంగా తిప్పాడు. వెనక టైర్లు కత్తికి దొరికిన పందిలా కీచుమన్నాయి. నేల మీద నల్లటి చారలు పడ్డాయి. మేస్త్రీ ముఖంలో కన్నతండ్రి గర్వం.

"చూశారా ఎంత గట్టిగా పట్టుకుందో!"

"పట్టుకోవడం కాదు, ఈడ్చుకుపోతోంది. హైవే మీద రోజూ ఇలా తిప్పితే టైర్లేం కావాలి? ఇరుసు విరగదా?"

"విరిగితే మనమే ఉన్నాం కదండీ!" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. జబ్బూ ఆయనే, దవాఖానా ఆయనే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఓనరు కొడుకు ఉన్నాడని, గుట్టలెక్కే జీపు ఉందని ఎవరో చెప్పారు. పోయాను. జీపు నిజంగానే ఉంది, కొండంత. దాని టైర్ల గాడుల్లో ఎక్కడా మట్టి లేదు. వారమంతా కడిగించి, ఆదివారం నాడు ఎక్కడో గుట్ట మీద ఫొటో దిగి వచ్చే రకం. కానీ మర్యాదస్తుడు, తాళంచెవి ఇచ్చాడు, పక్కన కూర్చున్నాడు.

"ఆంటీ, మీరు ఆటోమేటిక్ లాకర్ తీస్కోండి. స్విచ్ గిచ్ ఏం ఉండది. ఎప్పుడు పట్టాలె, ఎప్పుడు ఇడవాలె, అదే సూస్కుంటది."

ఆ రోజు తుంపర పడుతోంది. వేములపల్లి రోడ్డు మీద ధాన్యం లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కనుంచి మలుపు తిప్పుతుంటే వెనకనుంచి టక్కుటక్కుమని ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసరికి జీపు తోక ఒక పక్కకు జరిగింది. అటు పక్క లారీ, దాని కింద కూర్చుని అన్నం తింటున్న మనిషి.

"ఏందిది?"

"గది దాని స్వభావం ఆంటీ. మనమే దానికి అలవాటు పడాలె."

కోదాడ మేస్త్రీదీ అదే మాట, ఈయనదీ అదే మాట. అలవాటు పడాల్సిన వస్తువులు మా ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా కొని తెచ్చుకోవాల్సిన పని లేదు. గుట్ట మీద అది బాగుండవచ్చు. నాది రోజూ హైవే ఎక్కే బండి, సగం రోజులు వెనక మూటల బరువుంటుంది, సగం రోజులు ఖాళీ. వానలో దాని ఇష్టప్రకారం పట్టుకుని, దాని ఇష్టప్రకారం వదిలే యంత్రాన్ని నమ్మి నేను సారును బడి దగ్గర దింపలేను. సారు మీద ఎన్ని ఫిర్యాదులున్నా.

కనుక మిగిలింది స్విచ్ ఉన్న రకం. స్విచ్ వేయనంత సేపూ మామూలు డిఫరెన్షియల్. వేస్తే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. నేను వేస్తే వేసినట్టు, తీస్తే తీసినట్టు. నాకు కావాల్సింది అదే. అందులో మళ్ళీ రెండు రకాలు, గాలితో పట్టేది, కరెంటుతో పట్టేది. గాలిదానికి చిన్న కంప్రెసరు, సన్నని గొట్టాలు. చాలా గట్టి రకమని పేరు. కానీ నా బండి రాత్రంతా దాణా గోదాం పక్కన నిలబడుతుంది. అక్కడి ఎలుకలు గొట్టమనీ వైరనీ తేడా చూడవు. తెగిన వైరును నేను రోడ్డు పక్కన కూర్చుని మెలిపెట్టి టేపు చుట్టగలను. గొట్టంలో సూదిబెజ్జమంత చిల్లు పడి గాలి పోతుంటే ఎక్కడని వెతకను? కరెంటుదే తీసుకున్నాను. ఇంతకంటే గొప్ప కారణం లేదు. గొప్ప కారణాలు చెప్పినవాళ్ళందరినీ అప్పటికే చూసి ఉన్నాను.

హైదరాబాదు నుంచి తెప్పించి సూర్యాపేటలోనే బిగించారు. బిగించినవాళ్ళు స్విచ్‌ను హారన్ పక్కన పెడతామన్నారు. హారన్ కొట్టకుండా ఈ ఊళ్ళో ఎవరైనా వంద గజాలు పోగలరా? వేరేగా, పైకి, ఎర్ర దీపంతో పెట్టించాను. పద్ధతి కూడా నేర్చుకున్నాను. ఇరుక్కుంటే ఊరికే చక్రం తిప్పకూడదు. ఆగాలి. స్విచ్ వేయాలి. ఎర్ర దీపం వెలిగాక మెల్లగా, వీలైనంత తిన్నగా బయటికి రావాలి. వచ్చాక వెంటనే స్విచ్ తీసి, దీపం ఆరేదాకా కొంచెం నడిపించి, అప్పుడు మలుపు తిప్పాలి. ఎందుకంటే తాళం పడి ఉన్నంతసేపూ బండికి తిన్నగా పోవడమే తెలుసు, జారే నేల మీద మరీను. స్టీరింగ్ తిప్పినా వెనక చక్రాలు ముందుకే తోస్తాయి.

తర్వాతి వానాకాలం తుంగతుర్తి అవతల ఒక వాగులో, తడి ఇసుకలో, వెనక ఎడమ చక్రం దిగబడింది. ఒడ్డున గొర్లను తోలుకుపోతున్న పెద్దమ్మ కర్రకు గడ్డం ఆనించి నిలబడింది. ఆగాను, స్విచ్ వేశాను, ఎర్ర దీపం వెలిగింది. బండి ఒకసారి ఒళ్ళు విరుచుకుని ఒడ్డెక్కింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల ట్రాక్టరోళ్ళకు ఫోన్ కొట్టలేదు?" అని అడిగింది పెద్దమ్మ.

"ఇయ్యాల్టి సంది వాళ్ళకు సెలవు పెద్దమ్మా."

"అట్లైతే మాకు తమాషా పాయె," అంది నిజంగానే విచారంగా.

వాగులోంచి బయటపడిన ఈ కథ ఏ టీకొట్టు దగ్గరా ఎవరూ చెప్పలేదు. ఆ వానాకాలమంతా నా బండికి ఎవరూ తాడు కట్టలేదు, ఆ సంగతీ ఎవరూ చెప్పలేదు.

ఇక కాలువ సంగతి.

ఆ రోజు మరిది ఊరి దగ్గర, కాలువ కట్ట అవతల ఉన్న మందకు దాణా దింపడానికి పోయాను. మరిది అక్కడే ఉన్నాడు. మూటలు దింపాక నేను ఒక గొర్రెను పట్టుకుని కనురెప్ప చూస్తున్నాను. వాన అప్పుడే వెలిసింది. మరిది బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, తలుపు తీసి లోపల కూర్చున్నాడు. తాళంచెవి బండికే ఉంది.

"వదినా, నువ్వు గొర్లను సూడు. బండి తిప్పి కట్ట మీద పెడ్త."

"నేను తిప్పుకుంట, దిగు."

"నాకు రాదా ఏంది? ట్రాక్టర్ తోలేటోనికి నీ బండో లెక్కనా?"

నా రెండు చేతుల్లోనూ గొర్రె ఉంది. అది తన్నుకుంటోంది. బండి కదిలింది. కట్ట ఎక్కే చోట బురదలో చక్రం తిరిగింది. ఆగాడు, స్విచ్ వేశాడు. ఆ మాత్రం చూసి నేర్చుకున్నాడు, ఒప్పుకుంటాను. బండి కట్ట ఎక్కింది. ఎక్కాక తీయాలి కదా? తీయలేదు. ముందు తూము దగ్గర కట్ట మలుపు తిరుగుతుంది. వెనక అద్దంలోంచి లోపల ఎర్ర దీపం నాకు కనిపిస్తూనే ఉంది. గొర్రెను వదిలేసి, నిలబడి, నా గొంతులో ఎంత ఉందో అంతా పెట్టి అరిచాను.

"స్విచ్ తీయ్! లాక్ పడి ఉన్నది, స్విచ్ తీయ్!"

కిటికీ దించి ఉంది. అందులోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి నావైపు తిప్పి, పైకెత్తి, రెండుసార్లు ఊపాడు. తర్వాత స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి. బండి తిరగలేదు. తిన్నగా, ఏ తొందరా లేకుండా, పెళ్ళికి పోతున్నట్టు పోయి, కట్ట అంచు దాటి పిల్లకాలువలోకి వంగి, తలుపు దాకా నీళ్ళలో ఆగింది.

మరిది కిటికీలోంచి బయటికి పాకాడు. దెబ్బలేం తగలలేదు. చెప్పు ఒకటి నీళ్ళలో పడి తేలుకుంటూ పొలాలవైపు పోయింది. దాన్నే చూస్తూ నిలబడి, మొదటి మాట ఏమన్నాడంటే:

"సూసినవా వదినా? నీ లాకర్ ఎంత పని చేసిందో!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మద్దెల నీళ్ళలో ఉంది, ఆడినాయన ఒంటిచెప్పుతో గట్టు మీద ఉన్నాడు.

ఆయనే పోయి ట్రాక్టరు తెచ్చాడు. తాడు కట్టి లాగుతుంటే కట్ట మీది బురదలో ట్రాక్టరు చక్రం ఒకటి గిరగిరా తిరిగింది. అప్పుడు చూశాను. ఆయన కుడి మడమ కిందికి పోయింది, సీటు కింద ఉన్న చిన్న పెడల్‌ను తొక్కింది. వెంటనే రెండు చక్రాలూ కలిసి పట్టుకున్నాయి. నా బండి కాలువలోంచి లేచింది. మడమ పైకి లేచింది.

నేను ట్రాక్టరు దగ్గరికి పోయాను.

"ఇప్పుడేం తొక్కినవ్?"

"లాక్."

"ఏం లాక్?"

"ఎనక చక్రాల లాక్ వదినా. దుక్కిల, బురదల తొక్కుతం. ఎవరైన తొక్కుతరు."

"కాలు తీస్తే?"

"తీస్తే పోతది. స్ప్రింగ్ ఉంటది గద."

"నా బండిల స్ప్రింగ్ ఉన్నదా?"

ఆయన నా బండి వైపు చూశాడు, ట్రాక్టరు వైపు చూశాడు. "ఉండాలె గద," అన్నాడు.

అదీ సంగతి. ఏడాది పొడుగునా నాకు లాకర్ ఎందుకని ఎగతాళి చేసిన మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మడమ కింద అదే లాకరు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయనే కాదు, ట్రాక్టరు మడ్‌గార్డుల మీద కూర్చుని నన్ను చూసి నవ్విన వాళ్ళందరూ తొక్కేది అదే. వరి పండించే ఈ నేలలో అది లేకుండా ఒక మడి కూడా దున్నరు. ట్రాక్టరుకు ఉంటే అది పనిముట్టు, నా బండికి ఉంటే నా పొగరు. ఇక కాలు తీస్తే తాళం దానంతటదే పోతుందని మడమకు అలవాటు. నా స్విచ్‌కు మడమ లేదు. వేసినవాళ్ళే తీయాలి. కళ్ళెదుట ఎర్ర దీపం వెలుగుతున్నా ఆయన మడమనే నమ్మాడు.

నేను ఇల్లు చేరేలోపే కథ ఇల్లు చేరింది. సారు గుమ్మంలోనే ఉన్నాడు.

"తమ్ముడు ఫోన్ చేసిండు. ట్రాక్టర్ కట్టిన్రట గద?"

"కట్టిన్రు. కాలువల ఏసింది ఎవరో గూడ చెప్పిండా?"

"అది కాదు. నువ్వు ఆనాడు ఒక మాట అన్నవ్. బండికి ట్రాక్టర్ కట్టాల్సొస్తే..."

"అన్న."

"మాట మాటే గద."

తర్వాతి ఆదివారం మరిది మళ్ళీ వచ్చాడు, కొత్త చెప్పులేసుకుని. చాయ్ తాగాడు. చెయ్యి చాపలేదు కానీ, బల్ల మీది తాళంచెవి వైపు చూశాడు.

"ఒక్కటి చెప్పు. స్విచ్ తియ్యమని ఒర్రిన. ఇనవడ్డదా, లేదా?"

"ఏం ఇనవడలె వదినా. ఇంజన్ సప్పుడు."

"మరి చెయ్యెందుకు ఎత్తినవ్?"

"ఏ చెయ్యి?"

సారు వెంటనే కల్పించుకున్నాడు. "అయిపోయిందేదో అయిపోయింది, ఇగ ఇడిసిపెట్టు," అన్నాడు. ఈ ఇంట్లో విచారణ ఎప్పుడూ సరిగ్గా సాక్షిని అడిగే చోటే ముగుస్తుంది.

నేను తాళంచెవి తీసి సంచిలో వేసుకుని దుకాణానికి పోయాను. ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. బండి బాగు చేయించాను, లాకర్‌కు ఏమీ కాలేదు, రోజూ నేనే నడుపుతున్నాను. మాట తప్పిందని బంధువుల్లో చెప్పుకుంటున్నారని తెలుసు. నిజంగా తప్పానో లేదో తేల్చేది నా పట్టుదల కాదు, సారు పెద్దరికం కాదు. ఒక్క జవాబు. ఆయనకు నా కేక నిజంగానే వినబడి ఉండకపోతే అది ప్రమాదం. పందెం పందెమే, ఎవరు నడిపినా బండి నాది, తాళంచెవి పట్టుకెళ్ళి చేతిలో పెడతాను. వినబడి కూడా, ఆడమనిషి చెబితే తీసేదేంటని ఊరుకుని ఉంటే, నా బండిని కాలువలో వేసింది ఇనుమూ కాదు, బురదా కాదు.

కనుక పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడ కనబడినా అడుగుతూనే ఉన్నాను. ఆయన పళ్ళెం తీసుకుని వేరే వరసలోకి పోతున్నాడు. ఇక్కడ కూడా అడుగుతున్నాను, ఎవరైనా చదివి మా మరిదికి చెబుతారని. వినబడలేదంటావు కదా, మరి ఆ కిటికీలోంచి చెయ్యి ఎవరికి ఊపావు?